ఔషధ మొక్కల ఆకుల మీద బ్యాక్టీరియా: ఐదు నెలల ప్రాజెక్టులో నా అనుభవం

జూన్ 14న నా వైవా అయిపోయింది. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు, టాపిక్ ఏమో ఔషధ మొక్కల ఆకుల మీద, ఆకుల లోపల బతికే బ్యాక్టీరియా. జనవరి 6న మొదలుపెట్టాను, అంటే ఐదు నెలల పైమాటే. ఇదే టాపిక్ తీసుకుందామనుకుంటున్న జూనియర్లు ముగ్గురు "ఎలా ఉంటుంది అక్కా" అని అడిగారు. ముగ్గురికీ మూడుసార్లు చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను. ఇందులో థీసిస్‌కి ఎక్కనివే ఎక్కువ.

టాపిక్ ఎంచుకున్నప్పుడు నా లెక్క చాలా తెలివైనదని అనుకున్నాను. మందు మొక్క అంటే సూక్ష్మజీవుల్ని చంపేది, కాబట్టి దాని ఆకుల మీద బ్యాక్టీరియా తక్కువగా ఉంటుంది, తక్కువ ఉంటే పని తక్కువ, ఏప్రిల్‌కల్లా అయిపోతుంది. తులసి, నేలవేము, అడ్డసరం, ఈ మూడూ తీసుకుంటానని చెప్పాను. మా గైడ్ మేడమ్ ఏమీ అనలేదు. "ముందు ప్లేట్లు వేసి చూడు" అన్నారు, అంతే.

మొదటి శాంపిల్ జనవరి 20న. ఆ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర దాకా మీడియా, అంటే బ్యాక్టీరియాని పెంచే ఆహారం, చేస్తూనే ఉన్నాను. న్యూట్రియంట్ అగార్ (చల్లారితే జెల్లీలా గట్టిపడే మీడియా) లీటరుకి 28 గ్రాములు, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ (పెద్ద ప్రెషర్ కుక్కర్‌లాంటిది) అని రాసుకుంటే ఒక లైను. అసలు పని ఎలా ఉంటుందంటే, ఆటోక్లేవ్ ప్రెషర్ ఎక్కడానికి అరగంట, దిగడానికి ఇంకో ముప్పావుగంట, తీశాక చేయి పట్టగలిగేంత చల్లారే వరకు పక్కనే కాపలా. నేను ఫోన్ మాట్లాడి వచ్చేసరికి సగం ఫ్లాస్కులో అగార్ గడ్డకట్టేసింది. వేడిగా ప్లేట్లలో, అంటే మూతలున్న చిన్న గుండ్రటి పళ్లేల్లో, పోస్తే మూతల మీద నీళ్లు పడతాయి, ఆలస్యం చేస్తే గడ్డలు, మధ్యలో దొరికే టైము పది నిమిషాలు కూడా ఉండదు. మొదటిరోజు 40 ప్లేట్లు పోయాల్సింది 22 పోశాను.

ఆకులు కోయడం తేలికని అనుకుంటాం. ప్రోటోకాల్‌లో 5 గ్రాముల ఆకు అని ఉంది. తులసి ఆకు ఎంత తేలికో తూచేదాకా నాకు తెలియలేదు, కోస్తూనే ఉన్నాను, ముల్లు కదలదు. ఒక్కో మొక్కకి మూడేసి శాంపిళ్లంటే 15 గ్రాములు, చిన్న మొక్కైతే సగం బోడి అయిపోతుంది. నేలవేము ఇంకా అన్యాయం, సన్నటి ఆకులు. తర్వాత మేడమ్‌ని అడిగి 1 గ్రాము ఆకు, 9 మిల్లీలీటర్ల సెలైన్‌కి మార్చుకున్నాను. ముందే అడిగి ఉంటే ఒక పూట మిగిలేది. గ్లౌజులు వేసుకుని, ఆల్కహాల్‌తో తుడిచిన కత్తెరతో కోసి, స్టెరైల్ కవర్లలో వేసి, ఐస్ పెట్టెలో పెట్టుకుని, నాలుగు గంటల్లోపు ల్యాబ్‌లో పని మొదలుపెట్టాలి. నేలవేము కోసేటప్పుడు కుడిచేతి గ్లౌజు బొటనవేలి దగ్గర చిరిగింది. ఇంకో జత తెచ్చుకోలేదు. ఫరవాలేదులే అనుకుని కోసేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆకుల్ని సెలైన్‌లో వేసి, కొంచెం ట్వీన్ కలిపి, షేకర్ మీద అరగంట. ఆకు ఉపరితలం మైనంలా ఉంటుంది కదా, ఉత్త నీళ్లు పట్టవు, ఆ సబ్బులాంటిది ఉంటేనే బ్యాక్టీరియా ఊడి వస్తుంది. ఆ నీళ్లని పదేసి రెట్లు పలచన చేసుకుంటూ పోయి, 0.1 మిల్లీలీటరు చొప్పున ప్లేట్ల మీద పరిచి, 28 డిగ్రీల దగ్గర పెట్టి ఇంటికి పోయాను.

జనవరి 22 ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీస్తే తులసి ప్లేట్లు కనిపించకుండా మూసుకుపోయాయి. కాలనీలు (బ్యాక్టీరియా గుంపుగా పెరిగి కంటికి కనిపించే చుక్కలు) కాదు, చాప పరిచినట్టు పొర. మైనస్ 1 (పదిరెట్లు పలచన), మైనస్ 2 (వందరెట్లు) ప్లేట్లు లెక్కకే అందవు. మైనస్ 4లో 62 కాలనీలు వచ్చాయి, అంటే గ్రాము తులసి ఆకుకి 62 లక్షలు. రెండుసార్లు కాలిక్యులేటర్ కొట్టాను. ఆకు మీద చదరపు సెంటీమీటరుకి పది లక్షల నుంచి కోటి దాకా బ్యాక్టీరియా ఉండటం మామూలేనని తర్వాత చదివాను, పైగా ప్లేటు మీద పెరిగేవి మొత్తంలో కొన్నే. కానీ ఆరోజు మాత్రం నా తెలివైన లెక్క కళ్లముందే కూలిపోయింది. పసుపువి, తెల్లవి, నారింజ రంగువి, మధ్యలో బాసిల్లస్ అనే బ్యాక్టీరియాది ఒక ముడతల ముడతల కాలనీ సగం ప్లేటు ఆక్రమించి పక్కవాళ్లందరినీ మింగేసింది. టెన్షన్ ఒకపక్క, చూడ్డానికి బాగున్నాయన్న సంబరం ఇంకోపక్క. ఫొటోలు తీసి మేడమ్‌కి చూపించాను.

మేడమ్ ఫొటోలు చూడనేలేదు. "కంట్రోల్ ఏది?" అన్నారు.

ఆకు నీళ్లేమీ వేయని ఉత్త ప్లేటు, ఉత్త సెలైన్ వేసిన ప్లేటు, ఈ రెండూ నేను పెట్టలేదు. మీడియాలోనే, సెలైన్‌లోనే, నా పిపెట్‌లోనే ఏమైనా ఉందేమో చెప్పలేను. అంటే ఆ 62లో ఎన్ని తులసివో ఎవరికీ తెలియదు. ఆ ప్లేట్లలోంచి వేరువేరుగా కనిపించిన ఏడు కాలనీలను మాత్రం స్ట్రీక్ చేసి (కొత్త ప్లేటు మీద గీసి విడిగా పెంచి) దాచుకోమన్నారు, లెక్కలన్నీ కొట్టేయమన్నారు. మూడురోజుల పని ఆటోక్లేవ్ చేసి పారేశాను. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

రెండోసారి ఫిబ్రవరి 2న, కంట్రోల్స్‌తో. సెలైన్ ప్లేటులో 3 కాలనీలు వచ్చాయి, మళ్లీ వృథా. ఫిబ్రవరి 9న మూడోసారి శుభ్రంగా వచ్చింది. తులసి గ్రాముకి 40 లక్షలకు దగ్గర, అడ్డసరం దాంట్లో సగం, నేలవేము ఇంకా తక్కువ. ఆ వారంలో ఒకసారి వర్షం పడి, ఆ మర్నాడు కోసిన ఆకుల్లో లెక్క పదిరెట్లు తేడా వచ్చింది. నా నోట్‌బుక్‌లో తేదీ ఉంది, వాతావరణం రాసుకోలేదు. ఆకు తడి, ఎండ, వాన, ఇవన్నీ అక్కడ బతికేవాళ్లకి జీవన్మరణ సమస్య, నాకేమో నోట్‌బుక్‌లో ఒక గడి. ఆరోజు నుంచి ఆ గడి నింపుతూ వచ్చాను.

ఫిబ్రవరిలోనే ఇంకో పాఠం. నేను 48 గంటలకి కాలనీలు లెక్కపెట్టి ప్లేట్లు పారేస్తున్నాను. మా సీనియర్ అక్క ఒకరోజు డస్ట్‌బిన్ కవర్‌లోంచి నా ప్లేట్లు నాలుగు ఏరి, పారాఫిల్మ్ చుట్టి, తన షెల్ఫ్‌లో పెట్టుకుంది. ఐదో రోజున పిలిచి చూపించింది. గుండుసూది తలకాయంత గులాబీ చుక్కలు, అదీ మామూలు గులాబీ కాదు, దానిమ్మ గింజ రంగు. మిథైలోబ్యాక్టీరియం. అవి నింపాదిగా పెరుగుతాయి, నేను వాటిని మూడు వారాలుగా చెత్తబుట్టలో వేస్తున్నానన్న మాట.

వీటి కథ నాకు మొత్తం ప్రాజెక్టులోనే ఇష్టమైనది. ఆకు పెరిగేటప్పుడు కణాల గోడల్లోని పెక్టిన్ నుంచి మిథనాల్ విడుదలై ఆకు రంధ్రాల గుండా బయటికి వస్తుంది. మనకి విషం. వీటికి అదే భోజనం, దాన్నే కార్బన్‌గా వాడుకుని బతుకుతాయి. కాబట్టి మిథనాల్ తప్ప ఇంకే ఆహారం లేని మీడియా చేసి, దాని మీద ఆకుని రెండు నిమిషాలు మెల్లగా అద్ది తీసేస్తే సరి, మిగతావాళ్లు ఆకలికి ఆగిపోతారు. చెప్పినంత సులువు కాదనుకోండి, మొదటిసారి నేను మిథనాల్‌ని మీడియాలో కలిపి ఆటోక్లేవ్ చేశాను. అది కాస్తా ఆవిరైపోయింది, ప్లేట్ల మీద దాదాపు ఏమీ రాలేదు. చల్లారాక, ఫిల్టర్ చేసిన మిథనాల్ విడిగా కలపాలి. రెండోసారి అలా చేసి ఏడు రోజులు ఆగాను. ఏడో రోజు ప్లేటు మీద అడ్డసరం ఆకు అంచు, మధ్య ఈనె, అన్నీ గులాబీ చుక్కలతో గీసినట్టు వచ్చింది. ఇప్పటికీ నా ఫోన్ వాల్‌పేపర్ అదే.

మార్చి అంతా ఆకు లోపలి బ్యాక్టీరియా. ఇది మాత్రం నరకం. పైనున్నవాటిని చంపాలి, లోపలివి చావకూడదు. 70 శాతం ఆల్కహాల్ ఒక నిమిషం, సోడియం హైపోక్లోరైట్ ఐదు నిమిషాలు, మళ్లీ ఆల్కహాల్ అరనిమిషం, మూడుసార్లు స్టెరైల్ నీళ్లు, తర్వాత నూరడం. మార్చి 3న చేశాను, మూడు మొక్కల ప్లేట్లూ ఖాళీ. ఆకు లోపల ఏమీ లేదని సంతోషంగా రాసుకున్నాను కూడా. అక్క వచ్చి ఆకు ముక్కల్ని చూసి "ఇవి గాజులా అయిపోయాయేంటే?" అంది. నేలవేము ఆకు పలచనిది, హైపోక్లోరైట్ లోపలిదాకా ఇంకిపోయి అన్నిటినీ చంపేసింది, పైగా కడిగినా కొంత మిగిలిపోయి ప్లేటు మీద కూడా పనిచేస్తోంది. టైము రెండు నిమిషాలకి తగ్గించి, తర్వాత సోడియం థయోసల్ఫేట్‌తో ఒకసారి కడగడం మొదలుపెట్టాను, అది మిగిలిన క్లోరిన్‌ని విరిచేస్తుంది. ఈసారి చివరి కడుగునీళ్లు వేసిన ప్లేటులోనే బాసిల్లస్ వచ్చింది. దాని స్పోర్లు (గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి) ఆల్కహాల్‌కి చావవు. మూడు మొక్కలకి మూడు వేర్వేరు టైములు కుదుర్చుకునేసరికి మార్చి 19.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. తులసి ఆకు నూరిన రసం మైనస్ 1 ప్లేటులో 4 కాలనీలు, మైనస్ 2లో 31. పలచన చేస్తే పదోవంతు కావాలి, ఇక్కడ పెరిగాయి. ప్లేట్ల మీద నంబర్లు తారుమారు రాశాననుకుని మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మూడోసారి అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చదువుతుంటే నేను రాస్తూ చేశాను. 6, 38. నాకు ఏడుపొచ్చింది, పైకి కాదు. మేడమ్ ముందుకెళ్లి "నాకు డైల్యూషన్ చేయడం రావట్లేదు" అన్నాను.

ఆవిడ నవ్వారు. "నువ్వు ఏం నూరావు?" అన్నారు.

తులసి. అందులో యూజినాల్ ఉంటుంది, ఇంకా ఏవేవో నూనెలు ఉంటాయి. బతికున్న ఆకులో అవి చిన్న చిన్న గ్రంథుల్లో బందీగా ఉంటాయి, బ్యాక్టీరియా పక్కన బతికేస్తుంది. నేను రోలులో వేసి నూరి ఆ గోడలన్నీ పగలగొట్టి ఇద్దరినీ ఒకే నీళ్లలో కలిపాను. మైనస్ 1లో మందు చిక్కగా ఉంది, చాలావాటిని పెరగనివ్వలేదు. మైనస్ 2కి మందు పలచబడింది, మిగిలినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. లవంగం, దాల్చినచెక్కలాంటివి పరీక్షించే ల్యాబుల్లో మొదటి నుంచే వందరెట్లు, వెయ్యిరెట్లు పలచన చేసి వేసేది ఇందుకేనట. రుజువు కోసం మేడమ్ ఒక చిన్న ప్రయోగం చెప్పారు. ఫిల్టర్ చేసిన తులసి రసంలో కొలిచిన ఈ.కోలై అనే బ్యాక్టీరియా కలిపి ప్లేటు వేయాలి. ఉత్త సెలైన్‌లో 112 కాలనీలు వచ్చినచోట చిక్కటి రసంలో 9 వచ్చాయి, పదిరెట్లు పలచన చేస్తే 97. అంటే అంతకుముందు నేను "లోపల తక్కువ ఉన్నాయి" అని రాసిన అంకెలన్నీ ఆకు గురించి కాదు, నా రోలు గురించి. థీసిస్‌లో ఈ పట్టిక ఒకటే నేను గర్వంగా పెట్టుకున్నది.

ఏప్రిల్ గురించి ఎక్కువ లేదు, స్ట్రీకింగ్, మళ్లీ స్ట్రీకింగ్. ఒక కాలనీ శుద్ధంగా ఉందని నమ్మాలంటే కనీసం మూడుసార్లు స్ట్రీక్ చేయాలి, ఒక్కోసారికి రెండు రోజులు, గులాబీవాటికి వారం. చివరికి 23 ఐసొలేట్లు, అంటే విడిగా శుద్ధం చేసిన బ్యాక్టీరియాలు, తేలాయి. గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్షలో నా బాసిల్లస్ ఊదాకి బదులు గులాబీగా కనిపించి కంగారు పెట్టింది, నాలుగు రోజుల పాత కల్చర్ వాడాను కాబట్టి. పాతబడితే అవి ఊదారంగు నిలుపుకోలేవు, ఒకరోజు కల్చరే వాడాలి. 23నీ గ్లిజరాల్ కలిపి ఫ్రీజర్‌లో పెట్టాను, రెండేసి సెట్లు, రెండు వేరు ఫ్రీజర్లలో. రెండో సెట్ ఎందుకని విసుక్కున్నాను కానీ ఏప్రిల్ 17న ఒక ఫ్రీజర్ రాత్రంతా ఆగిపోయింది.

వేరే సూక్ష్మజీవుల్ని ఆపే గుణం ఎవరికైనా ఉందేమో అని కూడా చూశాం. అగార్‌లో 6 మిల్లీమీటర్ల బావులు తవ్వి, మన బ్యాక్టీరియాని పెంచిన ద్రవం (బ్రాత్) పోసి, చుట్టూ స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే రోగకారక బ్యాక్టీరియా పెరగకుండా ఆగిన వలయం కొలవడం. నాలుగింటికి వలయాలు వచ్చాయి, ఒకదానికి 14 మిల్లీమీటర్లు. ఇంట్లో ఫోన్ చేసి చెప్పేశాను కూడా. మర్నాడు మేడమ్ బ్రాత్ పీహెచ్ చూడమన్నారు. రెండు బ్రాత్‌లు పుల్లగా ఉన్నాయి, 4.5 దగ్గర. సరిచేసి మళ్లీ పోస్తే ఆ రెండింటి వలయాలు మాయం. మిగిలినవి రెండు, అవి రెండూ బాసిల్లస్‌లే. ఆ 14 మిల్లీమీటర్లది నిలబడింది, అదో ఊరట.

మే నెల డీఎన్‌ఏ. బ్యాక్టీరియా ఎవరో చెప్పడానికి ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉండే 16ఎస్ అనే జీన్ చదివిస్తారు, దాదాపు 1500 డీఎన్‌ఏ అక్షరాలు. పీసీఆర్ (ఆ జీన్‌కి కాపీలు తీయడం) మనమే చేసుకోవచ్చు, సీక్వెన్సింగ్‌కి (ఆ అక్షరాలు చదవడానికి) మాత్రం బయటికి పంపాలి. ఉన్న డబ్బుతో ఆరు శాంపిళ్లే పంపగలిగాం, ప్రాజెక్టుకి ఇచ్చిన దాంట్లో సగానికి పైగా ఆ ఆరింటికే పోయింది. 23లోంచి ఐదు ఎంచుకోవడం, ఆరోది ఆకు నుంచి నేరుగా తీసిన డీఎన్‌ఏ. ప్లేటు మీద పెరగనివి కూడా తెలుస్తాయని నేనే పట్టుబట్టాను. మేడమ్ వద్దన్నారు, తర్వాత "సరే, నువ్వే చూడు" అన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆగి ఉండాల్సింది. మే 6న పంపాం. పది పనిదినాలన్నారు, పందొమ్మిదో రోజున, మే 25న మెయిల్ వచ్చింది. మధ్యలో రోజుకి నాలుగుసార్లు ఇన్‌బాక్స్ చూసుకున్నాను.

ఆరోది ముందు తెరిచాను. డేటాబేస్‌లో పోల్చితే వచ్చిన జవాబు, తులసి క్లోరోప్లాస్ట్.

తులసి ఆకులో తులసి ఉందని తెలుసుకోవడానికి 19 రోజులు. క్లోరోప్లాస్ట్ ఎప్పుడో ఒక సయనోబ్యాక్టీరియా నుంచి వచ్చింది కాబట్టి దానికీ సొంత 16ఎస్ ఉంటుంది, ఒక్కో కణంలో బోలెడన్ని క్లోరోప్లాస్టులు, నా ప్రైమర్లు (పీసీఆర్‌లో జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వాటినే పట్టుకున్నాయి. దాన్ని తప్పించడానికే 799ఎఫ్ అనే ప్రైమర్ ఉంది. ఆకు డీఎన్‌ఏతో చేసేవాళ్లు దయచేసి ముందే చూసుకోండి.

మిగతా ఐదులో ఒకటి మిథైలోబ్యాక్టీరియం, ఒకటి పసుపురంగు పాంటోయియా, ఒకటి సూడోమోనాస్, ఆ 14 మిల్లీమీటర్లది బాసిల్లస్. అది సబ్టిలిస్ గుంపులో ఫలానా అని 16ఎస్ ఒక్కదానితో తేల్చలేం, ఆ గుంపంతా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకని జీనస్ (ప్రజాతి) పేరు దగ్గరే ఆగాను. ఐదోది నే-5 అని నంబరిచ్చినది, జనవరి 20 నాటి ప్లేట్ల నుంచి దాచిన ఏడింటిలో నేలవేముది, తెల్లగా గుండ్రంగా మెరుస్తూ ఉండేది. చూడ్డానికి బాగుందని దాన్ని ఎంచుకున్నాను. వచ్చిన పేరు స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్.

మనిషి చర్మం మీద ఉండేది. కుడిచేతి బొటనవేలి దగ్గర చిరిగిన గ్లౌజు.

ఇది ఆకుల మీద అసలు ఉండదని చెప్పలేం, అప్పుడప్పుడు దొరుకుతుంది, వైవాలో అలా చెప్పి తప్పించుకోవచ్చని ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చింది. నేను నోట్‌బుక్ పేజీతో సహా గ్లౌజు సంగతి చెప్పేశాను. ఎక్స్‌టర్నల్ సర్ ఒక్క క్షణం ఆగి, "ఇది చర్చ అధ్యాయంలో రాశావా?" అని అడిగారు. రాశానన్నాను. తర్వాత అడిగింది ఫిల్లోస్ఫియర్ (సూక్ష్మజీవులు బతికే చోటుగా ఆకు) అనే మాట ఎప్పటిదని, 1955, 56లలో లాస్ట్, రుయినెన్ అనే శాస్త్రవేత్తలు వాడారని చెప్పాను, ఆ ఒక్క ప్రశ్నకే తడుముకోలేదు. తులసి రసం పట్టిక దగ్గరే పావుగంట గడిచింది. మొత్తం 35 నిమిషాలు.

అమ్మ అడిగింది మాత్రం వేరే. "ఇక తులసి ఆకు నోట్లో వేసుకోవచ్చా లేదా?" అని. వేసుకోవచ్చమ్మా, వాటిలో చాలావరకు మన జోలికి రావు, కడిగి వేసుకో అన్నాను. కడిగినా అన్నీ పోవని చెప్పలేదు.

నిన్న బెంచి ఖాళీ చేయడానికి వెళ్లాను. స్టాకులు తర్వాతి బ్యాచ్‌కి అప్పజెప్పాలి, అందుకని ఫ్రీజర్ పెట్టె తీసి 23 ట్యూబులూ లెక్క చూసుకున్నాను. నే-5 ట్యూబు మీద నేను రాసిన నంబరు కింద అక్క ఎప్పుడో మార్కర్‌తో "నువ్వే" అని రాసి పెట్టింది.